తొమ్మిది వందల తొంభై ఏడు

ఆ ల్యాప్‌టాప్ నాకు శామీర్‌పేటలో దొరికింది. రెండు వేల పదకొండులో, రెండు బందుల మధ్య బస్సులు తిరిగిన ఒక మధ్యాహ్నం. అప్పుడు నేను మేడ్చల్‌లో ప్రైవేటు బడులకు ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇచ్చే పని మొదలుపెట్టాను. కొత్త కంప్యూటర్ కొనే ఆలోచన అసలు రాలేదు. మా ఇంట్లో కొత్త వస్తువు కొనడమంటే బేరం చేతగాక ఓడిపోయినట్టే. బజార్లో మా నాయినది కిరాణా కొట్టు, పక్కన మేనమామది ఇనుప సామాన్ల కొట్టు, ఎదురుగా పెద్దనాయినది బట్టల కొట్టు. నేను అక్షరాల కంటే ముందు ధర తగ్గించడం నేర్చుకున్నానని మా అవ్వ అంటుండేది. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

అమ్మే ఆయన పశువుల దాణా వ్యాపారి. అరవైకి దగ్గరగా ఉంటాడు. ముందు గదిలో తవుడు, పల్లిచెక్క బస్తాలు, వెనకాల ఇల్లు. నేను చాచా అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు. వరసలు కలుపుకుంటే ధర కొంత మెత్తబడుతుందని మాకు చిన్నప్పుడే తెలుసు.

రెక్సిన్ సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. మీటల మీద పల్చని ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది. ఎవరిదని అడిగాను.

"నా బిడ్డది. ఇంజినీరింగ్ సదువుతుండె. జెరమొచ్చి పోయింది. ఏడాదైంది."

చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాను. అవి ఎంతసేపు చెప్పాలో కూడా నాకు తెలుసు. తర్వాత మూత తెరిచాను.

కంప్యూటర్ వివరాలు చూపే పేజీ ఒకటి ఉంటుంది. అందులో ప్రాసెసర్ పేరు పక్కన రెండు గిగాహెర్ట్జ్ అని రాసి ఉంది. అంటే రెండు వేల మెగాహెర్ట్జ్. దాని కింద, అది అప్పుడు నిజంగా ఎంత వేగంతో నడుస్తోందో కొలిచి చెప్పే ఇంకో వరస. అక్కడ తొమ్మిది వందల తొంభై ఏడు అని ఉంది. సగం.

చాచా చాయ్ తేవడానికి లోపలికి వెళ్ళాడు. మెషీన్‌ను పరీక్షిద్దామని ఒక పెద్ద ఫోల్డర్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ పెట్టాను. పేజీ మూసి మళ్ళీ తెరిచాను. ఈసారి వెయ్యిన్నీ తొమ్మిది వందల తొంభై అయిదు. నిండు వేగం. పని ఉంటే పైకి పోతుంది, లేకపోతే దిగి కూర్చుంటుంది. ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది. మా కొట్లో తరాజు ముల్లు అలాగే ఊగేది. అది నిలబడేదాకా ఆగకుండా, మనవైపు మొగ్గిన క్షణంలో తూకం చెప్పేయడం ఒక పనితనం.

కాపీ ఆపేశాను. పేజీ మూశాను. మళ్ళీ తెరిచాను. తొమ్మిది వందల తొంభై ఏడు. దాన్ని అలాగే ఉంచి చాచా కోసం చూశాను.

"గిది సూడు చాచా. పైన రెండు వేలని రాసుంది. లోపల తొమ్మిది వందల తొంభై ఏడే ఉన్నది. సగం మిషినే ఇది."

ఆయన కప్పులు కింద పెట్టి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఆ అంకె దగ్గరికి వంగి చూశాడు. ధర మాట ఎత్తుతాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ధర మాట ఎత్తలేదు.

"నాలుగు షాపులు తిరిగి కొన్న. మస్తు బేరం జేసిన ఆ దినం," అన్నాడు. తర్వాత నాతో కాదు, తెరతో అన్నట్టు అన్నాడు. "నా బిడ్డకు సగం మిషినే ఇచ్చిన్నా నేను?"

అప్పుడే చెప్పేయవచ్చు. పేజీ ఇంకోసారి తెరిచి చూపిస్తే అయిపోయేది. నేను మాత్రం షాపువాళ్ళు మోసం చేసి ఉంటారని, ఈ మధ్య అందరూ ఇంతేనని, ఆయనను ఓదార్చాను. పద్దెనిమిది వందలు తగ్గింది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సంచి, చార్జర్, మౌస్ అన్నీ ఇచ్చేశాడు, ఇంట్లోంచి ఏదో చెడ్డ వస్తువు పోతున్నట్టు. బస్సు దిగాక మిర్చి బజ్జీలు తిన్నాను. బేరం గెలిస్తే మా వాళ్ళందరికీ ఆకలి వేస్తుంది. ఆ సాయంత్రం బజార్లో మూడు కొట్లలోనూ ఈ పద్దెనిమిది వందల కథ చెప్పాను. మేనమామ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మొదటి వారంలోనే ఆ మాట వినపడటం మొదలైంది. టైపు చేస్తూ, ఖాళీలు పూరింపుము దగ్గర చేయి ఆగినప్పుడు, సగం మిషినే ఇచ్చిన్నా అని. ఆయన గొంతుతో కూడా కాదు, నా గొంతుతో. ఇక ఒకటే దారి కనిపించింది. ఈ మెషీన్‌లో నిజంగానే ఏదో లోపం ఉండాలి. అది దొరికితే నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది. జనం కంప్యూటర్ బాగుండాలని వెతుకుతారు. నేను చెడిపోయి ఉండాలని వెతకడం మొదలుపెట్టాను.

కరెంటు తీగ పీకి, బ్యాటరీ మీదే నడిపి చూశాను. ఎంత పని పెట్టినా తొమ్మిది వందల తొంభై ఏడు దగ్గరే ఉండిపోయింది. ప్రాణం లేచి వచ్చింది. తర్వాత కరెంటు వాడకం సెట్టింగులు వెతికితే, బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగం తగ్గించమని అందులోనే పెట్టి ఉంది. దాన్ని మార్చగానే అంకె నిండుకు పోయింది. ఒకవేళ ఆ అంకే తప్పు చెబుతోందేమో అనుకున్నాను. తరాజు మీద అనుమానం వస్తే మనకు బరువు తెలిసిన రాయి పెట్టి చూస్తాం కదా. అందులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఫోల్డర్‌ను తక్కువ వేగంలో ఒకసారి, ఎక్కువ వేగంలో ఒకసారి జిప్ చేసి గడియారం చూశాను. మొదటిసారి పదకొండు నిమిషాలు, రెండోసారి ఆరు కూడా పట్టలేదు. అంకె నిజమే చెబుతోంది. ఆ ఫోల్డర్ ఆ అమ్మాయిదే, కాలేజీ ప్రాజెక్టు. దాన్ని తెరిచి చూడలేదు. తూచాను, అంతే.

ఇంకొక సంగతి ఉంది, దాని వల్లే అసలు భయం పట్టుకుంది. వేగం కదులుతుండగా చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసుకున్నాను. తెర మూలన అంకె ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది. ఒకరోజు టైపు ఆపి చాయ్ తాగుతున్నాను. మెషీన్‌ను ఎవరూ ముట్టలేదు. అంకె దానంతటదే పైకి లేచి, నిండు దగ్గర నిలబడింది. ఫ్యాన్ గట్టిగా తిరగడం మొదలైంది. అరగంట అలాగే ఉండి, మెల్లగా దిగిపోయింది. మర్నాడు కూడా అంతే, అదే వేళకు. నాలుగున్నర. ఎవరో వచ్చి కుర్చీ లాక్కుని పనికి కూర్చున్నట్టు.

కారణం తెలిసేదాకా నిద్ర పట్టదు కనుక వెతికాను. వేళ పెట్టి చేయించుకునే పనుల జాబితాలో ఒకే ఒక్క పని ఉంది. రోజూ నాలుగున్నరకు వైరస్‌ల కోసం మొత్తం వెతకాలి. పెట్టినవారి పేరు దగ్గర ఆ అమ్మాయి పేరు. కాలేజీ బస్సు దిగి, దీన్ని కరెంటుకు తగిలించి, ముఖం కడుక్కుని ఏదో తినేలోగా అది అయిపోవాలని పెట్టుకుని ఉంటుంది. తీసేద్దామని దాని మీద బాణం గుర్తు పెట్టాను. నొక్కలేకపోయాను. ఆ తర్వాత నుంచి నాలుగున్నరకు నేనే లేచి పక్కకు వచ్చేదాన్ని. ఆమె పని అయ్యేదాకా ఆగి, తర్వాత నా ప్రశ్నపత్రాలు చేసుకునేదాన్ని. ఈ ఏర్పాటు ఎవరికీ చెప్పలేదు. ధర తగ్గించమని తప్ప దేవుణ్ణి ఇంకేమీ అడగని మనిషిని, ఇలాంటివి చెబితే ఎవరు నమ్ముతారు.

ఆఖరి ఆశగా మచ్చ బొల్లారంలో రిపేరు చేసే ఒకతని దగ్గరికి తీసుకుపోయాను. వెనక విప్పాడు, దుమ్ము ఊదాడు, ఏవేవో పరీక్షలు పెట్టాడు. అంతా బాగుందన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. చూశాడు. బాగానే ఉందన్నాడు. ప్రాసెసర్ సరిగా చూశావా, అసలుదేనా అని అడిగాను.

"మంచిగున్నదంటే మొకం మాడ్సుకునే గిరాకీని నిన్నే సూస్తున్న అక్కా. ఖరాబున్నదని రాసియ్యాల్నా ఏంది?"

రాసిస్తే ఎంత తీసుకుంటావని అడగబోయాను, నిజంగానే.

శామీర్‌పేటకు పోవడానికి అయినా ఎనిమిది నెలలు పట్టింది. ఒకసారి బందు అన్నాను, ఇంకోసారి పరీక్షల సీజన్ అన్నాను. చివరికి ఒక మంగళవారం సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాను. "అప్పుడు నాకూ తెలియదు చాచా, తర్వాత తెలిసింది." ఈ ఒక్క మాట సరిపోతుంది. ఆయనకు మనసు తేలికవుతుంది, నాకు పరువు దక్కుతుంది. ఇద్దరికీ లాభమైన బేరం.

చాచా బస్తా మూతి కుడుతున్నాడు. నా భుజాన సంచి చూడగానే దబ్బనం ఆపాడు.

"ఖరాబైందా? వాపస్ తీస్కోను, ముందే జెప్తున్న."

ఖరాబు కాలేదని, మంచిగా ఉందని చెప్పడానికే వచ్చానని అన్నాను. మంచిగా ఉంటే ఎవరైనా ఇంత దూరం వస్తారా అన్నట్టు చూశాడు. మళ్ళీ ఏదో బేరానికే వచ్చాననుకున్నాడు. అదే బల్ల మీద మూత తెరిచి, మూలన అంకె చూపించాను. తొమ్మిది వందల తొంభై ఏడు. తర్వాత కాపీ పెట్టాను. అంకె లేచింది. ఆపాను, దిగింది. ఇంకోసారి పెట్టాను. ఆయన వ్యాపారి. మూడోసారి చూపించే అవసరం రాలేదు.

కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ దినం నీకు ఎరుకేనా?"

బస్సులో తయారు చేసుకున్న మాట నాలుక మీదే ఉంది. ఆయన కోపంగా అడిగి ఉంటే అనేసేదాన్నేమో. ఆయన సరుకు గురించి అడిగినట్టు మామూలుగా అడిగాడు.

"ఎరుకే చాచా."

ఆయన తల ఊపాడు. దబ్బనం బస్తాకు గుచ్చి పెట్టాడు. తర్వాత తన భార్యకు ఆ రోజే చెప్పానన్నాడు, బిడ్డకు సగం మిషిన్ తెచ్చిపెట్టానని. అప్పటినుంచి ఇంట్లో అదొకటే మాటట. చచ్చిపోయే పిల్లకు కూడా చవక చూశావు అంటుందట.

"లోపల్కి రా. నువ్వే జెప్పు. నేను జెప్తే నమ్మది."

చాచీ వరండాలో పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేను పక్కనే కింద కూర్చుని, ల్యాప్‌టాప్ నేల మీద పెట్టి, మొదటి నుంచీ చెప్పాను. ముల్లు సంగతి, పేజీ మూసి తెరిచిన సంగతి, అన్నీ. అంకె లేచేది చూపించాను. ఆమె అంకె వైపు చూడలేదు. చేయి కొంగుకు తుడుచుకుని, మీటల మీది తొడుగు అంచు లేచి ఉంటే వేలితో అదిమింది.

"అయితే నిండుగనే ఉండెనా?"

"నిండుగనే ఉండె చాచీ."

"మరి గట్లెందుకన్నవ్?"

"ధర తగ్గుతదని."

గుమ్మానికి కట్టిన తెర దగ్గర చాచా నిలబడి ఉన్నాడు. మెషీన్ ఇంకా కాపీ చేస్తూనే ఉంది, ఫ్యాన్ చప్పుడు వినబడుతోంది. ఆమె మళ్ళీ చింతపండు అందుకుంది.

"ఎంత తగ్గింది?"

"పద్దెనిమిది వందలు."

"గంతేనా?"

ఎత్తిపొడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను పర్సులోంచి నోట్లు తీసి పట్టుకున్నాను. ఇద్దరిలో ఎవరూ చేయి చాపలేదు. ఇంకా ఏదో ఉండి ఉంటుందని, ఇంత చిన్న మొత్తానికి అలా అని ఉండనని, ఆమె గింజ తీయడం ఆపి నా ముఖంలోకి చూస్తూ ఆగింది. చెప్పడానికి నా దగ్గర అంతకంటే పెద్ద అంకె లేదు.