సుభద్రగారి గ్యారేజీకి తిరిగొచ్చిన చీరలు

తిరిగొచ్చిన చీరకు ఒక వాసన ఉంటుంది. ఈ ఉదయం కొరియర్ మనిషి గుమ్మం ముందు పెట్టి వెళ్ళిన పొట్లాన్ని కత్తిరించగానే అది గుప్పుమని మొహానికి తగిలింది. కొంచెం సాంబ్రాణి, కొంచెం సెంటు, వాటికి అడుగున ఇంగువ పోపు. లోపలి చీటీలో మాత్రం 'రంగు నచ్చలేదు, కట్టుకోలేదు' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. సుభద్రగారు ఇక్కడ ఉండి ఉంటే ఆ చీరను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, "సత్యనారాయణ వ్రతం. పులిహోర చేశారు. జనం కూడా బాగానే వచ్చినట్టున్నారు" అనేవారు. ఆ లెక్క చాలాసార్లు తప్పేది కాదు.

ఆమెను మీరు ఎరగరు. సిడ్నీలోని గిరావీన్‌లో ఒక ఇటుకల ఇంటి గ్యారేజీలోంచి, ఎవరైనా దుకాణం పెట్టుకోగలిగే ఒక పెద్ద వెబ్‌సైటులో చీరలు అమ్మేవారు. పుట్టిల్లు గుంటూరు. భర్త ఇంజినీరు ఉద్యోగంతో చిన్న వయసులోనే ఇక్కడికి వచ్చి, తానూ ఒక బ్యాంకులో పనిచేసి, రిటైరయ్యాక ఈ వ్యాపారం పెట్టారు. కారు బయట ఎండలో ఉండేది, చీరలు లోపల నీడన ఉండేవి. నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద సగం జీవితం గడిపి, మా ఆవిడకు ఇక్కడ ఐటీ ఉద్యోగం రావడంతో వెంట వచ్చినవాణ్ణి. తెలుగు సబ్ ఎడిటర్ కోసం ఈ దేశంలో ఎవరూ ఎదురుచూడటం లేదని తెలుసుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. తెలిసినవాళ్ళింట్లో బార్బెక్యూ దగ్గర, మొక్కజొన్న కండెలు కాలుతుండగా, ఆమె నా ఉద్యోగపు ఇంటర్వ్యూ చేశారు.

"రాయడం వచ్చంటగా?"

"వచ్చు మేడం. తెలుగూ, ఇంగ్లీషూ."

"మడత పెట్టడం?"

"ఏమిటి మడత పెట్టడం?"

"పేపరు కాదులెండి, చీరలు. సోమవారం నుంచి రండి. ఈ మేడం గీడం నాకు పడదు, అక్కా అనండి చాలు."

అలా ఆమె నాకు అక్క అయ్యారు. నేను మాత్రం ఆమెకు ఇప్పటికీ 'ఎడిటరు గారూ'నే. ఆ పిలుపులో మర్యాద సగం, వెక్కిరింత సగం ఉంటాయి.

నా మొదటి పని చీరల గురించి నాలుగు మాటలు రాసి వెబ్‌సైటులో పెట్టడం. శీర్షికలు పెట్టిన చెయ్యి కదా, ఊరుకోదు. ఒక నీలం చీరకు 'నెమలికంఠం రంగు' అని, ఒక ఎర్రచీరకు 'తొలిసంధ్య ఎరుపు' అని రాశాను. రెండూ అమ్ముడుపోయాయి, రెండూ వెనక్కి వచ్చాయి. 'ఫోటోలో ఒక రంగు, ఇంటికొచ్చింది ఇంకో రంగు' అని ఫిర్యాదు. వెనక్కి పంపే ఖర్చు మాదే. సుభద్రగారు కోప్పడలేదు. "నెమలిని ఇక్కడ ఎవరు చూశారండీ? తొలిసంధ్యకి లేచేదెవరు?" అని అడిగి, ఆ ఎర్రచీరను తీసుకుని వీధి చివరకు నడిచారు. ఆ రోజు చెత్త తీసుకెళ్ళే లారీ వచ్చే రోజు కావడంతో ప్రతి ఇంటి ముందూ ఎర్ర మూత డబ్బా నిలబడి ఉంది. చీర చెంగును ఒక మూత పక్కన పట్టుకుని, "రాసుకోండి. మన చెత్తడబ్బా మూత కంటే ఒక పిసరు ముదురు" అన్నారు. నేను నవ్వులాటనుకుని రాయలేదు. ఆమే రాశారు. ఆస్ట్రేలియాలో ఆ మూత ఎరుపు తెలియని ఇల్లు ఉండదు. ఆ చీర మళ్ళీ వెళ్ళింది, ఈసారి తిరిగి రాలేదు. కొన్నామె 'మూతతో పోల్చి చూసుకున్నాం ఆంటీ, కరెక్ట్' అని నవ్వు బొమ్మలతో సహా రాసింది. ఆ తర్వాత ప్రతి చీరకూ ముందు దాని లోపం రాయించేవారు. 'ఇక్కడ దారం ముడి చేతికి తగులుతుంది', 'జరీ ఫోటోలో మెరిసినంత మెరవదు', ఇలా. పొగడ్త చివర్లో, అదీ ఒక్క వాక్యం.

అయినా తిరుగు టపాలు ఆగేవి కావు. కట్టుకుని, ఫంక్షనుకు వెళ్ళి, ఫోటోలు దిగి, మర్నాడు 'సైజు సరిపోలేదు' అని పంపేవారున్నారు. చీరకు సైజేమిటని అడిగే నాథుడు ఆ వెబ్‌సైటులో లేడు. ఒకామె మా పట్టుచీర ఉంచుకుని, అదే పెట్టెలో తన పాత సిల్కుచీర మడిచి పంపింది. నేను పళ్ళు నూరుతుంటే సుభద్రగారు కూర్చుని, 'అమ్మా, మీ చీర పొరపాటున మా ఇంటికి వచ్చేసింది. మీరు ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటారు. జాగ్రత్తగా ఉంచాను. మాది పంపగానే మీది పంపిస్తాను' అని రాశారు. ఆ వారంలోనే మా పట్టుచీర వచ్చింది, పిల్లలు పెట్టెలు కలిపేశారన్న సంజాయిషీతో సహా. "ఎవరి పిల్లలో పాపం" అని మాత్రం అన్నారామె.

ఇంకోసారి పారమట్టా దగ్గర ఒక హాల్లో పుట్టినరోజు విందుకు మా ఇద్దరి ఇళ్ళవాళ్ళనూ పిలిచారు. వడ్డన వరసలో మా చిలకపచ్చ మంగళగిరి పట్టు నిలబడి ఉంది. కట్టుకున్నామె భుజం వెనక నుంచి మా దుకాణం ట్యాగు తొంగి చూస్తోంది, కత్తిరించకుండా లోపలికి దోపింది జారి పైకొచ్చింది. నేను జేబులోంచి ఫోను తీశాను.

"అక్కా, ఒక ఫోటో తీసి ఉంచుతాను. రేపు చీర వెనక్కి పంపితే సాక్ష్యం."

"కేసు గెలుస్తారు. కస్టమర్ని పోగొట్టుకుంటారు. ఈ ప్లేటు పట్టుకోండి."

నా చేతిలో గారెల ప్లేటు పెట్టి వెళ్ళి, ఆ చీర కట్టుకున్నామె భుజం మీద చెయ్యి వేశారు. "ట్యాగు పైకొచ్చింది తల్లీ, గుచ్చుకోవట్లా? నా దగ్గర చిన్న కత్తెర ఉంది, తీసెయ్యనా? చీర నీ ఒంటికి ఎంత అందంగా కుదిరిందో!" ఆమె మొహంలో మూడు రంగులు మారాయి. చివరికి తల వంచి, "తీసెయ్యండి ఆంటీ" అంది. ఆ చీర తిరిగి రాలేదు. తర్వాతి పండక్కి ఆమె మా దగ్గరే ఇంకోటి కొంది.

అన్నీ ఇంత సుఖంగా తేలేవని చెబితే అబద్ధం అవుతుంది. ఓడిపోయిన కేసులు చాలా ఉన్నాయి. కొన్నవారి మాట నమ్మడం ఆ వెబ్‌సైటు పద్ధతి. మేము ఫోటోలు పంపినా, పేజీలకు పేజీలు రాసినా, జవాబు యంత్రంలోంచి వచ్చినట్టే ఉండేది. ఓడిపోయినప్పుడు సుభద్రగారు కాఫీ కలుపుకుని, అది అయ్యేదాకా గుంటూరు భాషలో తిట్టేవారు. కప్పు ఖాళీ అయ్యాక తిట్లు కూడా అయిపోయేవి.

ఒక ఏడాది దీపావళి ముందు ఆ కాఫీలు వరసగా తాగాల్సి వచ్చింది. పండగ కోసం మంగళగిరి నుంచి, చీరాల నుంచి సరుకు దిగి గ్యారేజీలో కాలు పెట్టే చోటు లేదు. అప్పుడు వెబ్‌సైటు నుంచి హెచ్చరిక వచ్చింది. వరసగా వివాదాలన్నీ మాకు వ్యతిరేకంగా తేలాయి కాబట్టి, ఇంకొక్కటి అలా తేలితే దుకాణం తీసేస్తాం అని. మాకు అమ్ముకునే చోటు అదొక్కటే. "ఇంకొక్కటి పోతే షట్టర్ దించెయ్యడమే ఎడిటరు గారూ" అని నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆ ఇంకొక్కటి ఆ వారమే కాన్‌బెర్రాలోని హారిసన్ నుంచి వచ్చింది. నీలిమ అనే అమ్మాయి కొన్న గంధం రంగు చీర. 'వాడిన చీర కొత్తదని అమ్మారు, మూల మీద పసుపు మరక ఉంది' అని ఫిర్యాదు పెట్టి, చీర పంపేసింది. చూస్తే నిజంగానే చెంగు మూల బొట్టంత పసుపు. మా ఇంటి నుంచి వెళ్ళినప్పుడు అది లేదు, పొట్లం కట్టేముందు నేను తీసిన ఫోటో ఉంది. కట్టుకుంది, పసుపు అంటించుకుంది, నింద మా మీద వేసింది అని నిర్ధారించుకుని నేను జవాబు రాశాను. చాలా రోజుల తర్వాత నా చెయ్యి డెస్కు మీద ఉన్నట్టే పరిగెత్తింది. సుభద్రగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"బాగుంది. మీ పేపర్లో అయితే ఫస్ట్ పేజీ."

"పంపించెయ్యనా?"

"ఆ అమ్మాయి ఏమంటోంది?"

"మరక ఉందంటోంది. అబద్ధం అదేగా అక్కా."

"అది కంప్లైంటు. మీరు అడిగిందేంటి, ఆ పిల్ల చెప్పిందేంటి? అవతలివాళ్ళ వెర్షన్ లేకుండా వార్త వేసేవాళ్ళా మీ పేపర్లో?"

ఆమె చీరను బల్ల మీద పరిచారు. "కట్టిన చీరకి కుచ్చిళ్ళ ముడత పోదు. దీనికి లేదు. పిన్ను గుచ్చిన చోటు లేదు. ఒక్క పసుపు ఉంది, అదీ మూల మీద. కొత్తబట్టకి ఇంట్లో పెద్దవాళ్ళు పెట్టేది అక్కడేగా? పెట్టినవాళ్ళు వేరు, కంప్లైంటు చేసినవాళ్ళు వేరు అనిపిస్తోంది నాకు. అయినా ఆ సైటువాళ్ళకి పసుపంటే మరకే. మనం ఎంత రాసినా ఓడిపోతాం. ఆ పిల్ల తనంతట తను తీసేస్తేనే దుకాణం ఉంటది."

ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. 'అమ్మా, చీరకు పసుపు ఉన్న మాట నిజమే. మా దగ్గర బయల్దేరేటప్పుడు లేదు, ఫోటో పంపుతున్నాం. కొత్త బట్టకు పసుపు పెట్టడం మనలో ఉంది కదా. మీ ఇంట్లో ఎవరైనా పెట్టారేమో ఒక్కసారి అడిగి చెబుతారా?' దానికింద దుకాణం ఫోను నంబరు. అంతే.

అది శుక్రవారం. వెబ్‌సైటు ఇచ్చిన గడువు సోమవారం సాయంత్రంతో ముగుస్తుంది. శనివారం జవాబు లేదు, ఆదివారం లేదు. సోమవారం నేను మొదట రాసిన జవాబే పంపుదామని రెండుసార్లు అన్నాను. "ఐదింటికి పంపుదురు. ఈలోపు ఆ కట్ట మడత పెట్టండి" అన్నారు. మధ్యాహ్నం చూస్తే ఆమె మడిచిన చీరనే విప్పి మళ్ళీ మడుస్తున్నారు.

భోజనాలయ్యాక ఫోను మోగింది. స్పీకరు పెట్టారు.

"హాయ్ ఆంటీ, నీలిమని. వీకెండ్ అంతా బీచ్‌కి వెళ్ళాం, మీ మెసేజ్ ఇప్పుడే చూశా. అత్తయ్యని అడిగాను. ఆంటీ, ఐ యామ్ సో ఎంబరాస్డ్, యాక్చువల్లీ..."

"ఇలా ఇయ్యమ్మా ఫోను, నేను చెప్తాను," వెనక నుంచి ఇంకో గొంతు. "ఆయ్, నమస్కారమండి. రాజమండ్రి నుంచి వచ్చానండి, వాళ్ళ అత్తగార్ని. పసుపు నేనే పెట్టానండి. అమ్మాయి ఆఫీసుకెళ్ళింది, పార్సిలొచ్చింది. కొత్తచీర పసుపు పెట్టకుండా బీరువాలో ఎలా పెడతామండీ? పెట్టేసి, మడత ఎలా ఉందో అలాగే పెట్టేశాను. ఈ పిల్లేమో ఇక్కడ పుట్టి పెరిగింది. మరకనుకుంది. మీకు చెప్పింది, ఆ కంపెనీకి చెప్పింది, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదండి!"

"అత్తయ్యా, యూ వర్ స్లీపింగ్!"

"లేపొచ్చుగా మరి?"

సుభద్రగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగారు. భుజాలు ఊగుతున్నాయి. తమాయించుకుని, "మీరు మంచిపనే చేశారండీ, తప్పెవరిదీ కాదు. కాకపోతే ఆ కంప్లైంటు సాయంత్రంలోపు తీసెయ్యాలమ్మా, లేకపోతే మా దుకాణం మూసేస్తారు" అన్నారు. "ఓ మై గాడ్, ఇప్పుడే తీస్తున్నా ఆంటీ, లైన్లో ఉండండి." అత్తగారు ఊరుకోలేదు. "పసుపు పెట్టిన చీర మీరు ఉంచుకోకూడదండి. మా అమ్మాయికే పంపండి, దీపావళికి అదే కడుతుంది."

కంప్యూటరు తెర మీద 'వివాదం ఉపసంహరించారు' అన్న వాక్యం పడేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం. అప్పుడు సుభద్రగారు స్టూలు మీద కూలబడి, "కాఫీ ఇవాళ మీరు కలపండి ఎడిటరు గారూ" అన్నారు. తిట్లు లేకుండా తాగిన కాఫీ ఆ నెలలో అదొక్కటే. ఆ దీపావళికి గ్యారేజీ దాదాపు ఖాళీ అయింది.

ఆమె ఇప్పుడు డార్విన్‌లో ఉన్నారు, ఆసుపత్రిలో పనిచేసే కూతురి దగ్గర. వెళ్ళేముందు దుకాణం నాకు అప్పగించారు. అప్పుడప్పుడు ఫోను చేసి, "ఇక్కడ వానాకాలం వస్తే గోడకి కూడా చెమట పడుతుందండీ, పట్టుచీరలకి ఇది ఊరు కాదు" అంటారు. వ్యాపారం ఎలా ఉందని అడగరు. ఎవరితోనైనా గొడవపడ్డారా అని అడుగుతారు.

గొడవలు రాకుండా ఉండవు. కోపం కూడా వస్తుంది, మెత్తబడ్డానని చెప్పుకోను. కాకపోతే జవాబు రాసే ముందు ఒక ప్రశ్న రాస్తాను, దాని సమాధానం కోసం గడువు చివరిదాకా ఆగుతాను. మొన్న ఒకాయన పార్సిల్ అందలేదన్నాడు. గుమ్మం ముందు పెట్టినట్టు డ్రైవరు తీసిన ఫోటో నా దగ్గర ఉంది. 'పక్కింటివాళ్ళు తీసి లోపల పెట్టారేమో కనుక్కుంటారా?' అని అడిగాను. పక్కింటివాళ్ళే తీసి పెట్టారు. అంతకుముందు ఇంకొకరిని అడిగితే జవాబే రాలేదు. ఆవిడ మోసమే చేసిందని ఇప్పటికీ నా అనుమానం. డబ్బు తిరిగిచ్చేశాను. చీరలు పోయాయి, డబ్బులు పోయాయి. అడిగినందుకు మాత్రం ఇంతవరకూ ఏమీ పోలేదు.