అమ్మ అడగని నూడుల్స్

ఈ రోజు అమ్మ తద్దినం. పొద్దున్నే మా అమ్మాయి వంటింట్లో నూడుల్స్ ఉడకబెట్టి, వార్చి, చన్నీళ్ళలో బట్టలు నలిపినట్టు నలుపుతోంది. బక్‌వీట్ అనే గింజల పిండితో చేసే జపాను నూడుల్స్ అవి. బర్మాలో మేముండే యాంగోన్‌లో ఒక జపాను హోటల్లో పని చేస్తుంది కాబట్టి తనకి ఆ విద్య అబ్బింది. జిగురు పోయేదాకా మూడు నీళ్ళు మార్చి, ఐసు మీద పరిచి, పక్కన చల్లటి సోయా రసం పెడుతుంది. పోయినవాళ్ళకి ఇష్టమైనది విస్తట్లో పెట్టాలి కదా. గారెలు, పరమాన్నం పక్కన ఆ బూడిదరంగు చుట్టని చూసి మా పజుండౌంగ్ పేట పురోహితుడు ఏటా ఒకసారి కళ్ళజోడు సవరించుకుంటాడు. అమ్మకి అవి ఇష్టమని చెప్పిందెవరంటే, నేనే.

అమ్మ ఆఖరి వేసవిలో కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. ఆవిడ కిటికీ పక్కన చాప మీద పడుకునేది, నేను విసనకర్రతో విసురుతూ కూర్చునేదాన్ని. ఇక్కడే పుట్టినా అమ్మ నోట్లో శ్రీకాకుళం యాస చెక్కుచెదరలేదు. మా అమ్మాయిని మాత్రం చదువుకి అడ్డమని బర్మీసు మాట్లాడుతూ పెంచాను. అమ్మమ్మ దగ్గర పట్టిన యాసలో నాలుగు ముక్కలు మాట్లాడినా, తెలుగు దానికి సగమే అర్థమవుతుంది, ఆ సగం ఏదో దేవుడికే తెలియాలి. ఆ రోజు అమ్మ దాన్ని పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండమ్మా" అంది. వెళ్ళిపోతున్నానని తెలిసినవాళ్ళు అనే తీరులో అంది.

"అమ్మమ్మ ఏటంతంది? సల్లగా ఏటైనా కావాలా?" అని పిల్ల ఆత్రంగా అడిగింది. నిజం చెబితే అమ్మ పోతోందని నేను ఒప్పుకున్నట్టే. అందుకని "ఊఁ" అన్నాను. అది మెట్లు దిగి ఐసు కోసం పరిగెత్తింది. గంట తర్వాత, హోటల్లో నేర్చిన చల్లటి వంటకమని చేసి తెచ్చిన నూడుల్స్‌లో ఒక్క పోగు నోట్లో పెట్టించుకుని, అమ్మ నా వైపు చూసి, "ఏటే ఇది, పురికొసలాగుంది" అంది. పిల్లకి పురికొసంటే తెలియదు. బాగుందంటోందని చెప్పాను. సాయంత్రానికి అమ్మ లేదు. ఆఖరి కోరిక తీర్చానని మా అమ్మాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది. ఆ కాస్త తృప్తినీ పాడు చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

ఇవాళ విస్తరి వేస్తూ, "అమ్మమ్మకి ఇదంటే ఎందుకంత ఇట్టం?" అని అడిగింది. ఏడేళ్ళు దాచి అలిసిపోయాను, చెప్పేశాను. ఆవిడ చల్లది అడగలేదని, నిన్ను చల్లగా బతకమని దీవించిందని. కోప్పడుతుందనుకున్నాను. చేతిలో గిన్నె కింద పెట్టింది.

"మరి నేను కాళ్లకి దండమెట్టాల కదమ్మా" అంది. "ఎట్టకుండా ఎల్లిపోనాను."

ఇన్నాళ్ళూ నా పిరికితనాన్ని దయ అనుకున్నాను. పిల్ల వంగి దీవెన అందుకోవాల్సిన ఆ నిమిషాన్ని ఐసు కొట్టుకి పంపింది నేనే. కాలం దాన్ని నాకు తిరిగి పంపదు.