వెనక్కి చూడకుండా తెచ్చుకున్నాను

ఈ పొద్దున మెకానిక్ నా పాత స్కూటర్ని తుడిచి, "మామా, ఈ అద్దంల మచ్చలు తప్ప ఏం కనవడ్తలేవు. కొత్తది ఎయ్యాల్నా?" అన్నాడు. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను. అది రోడ్డు చూసుకోవడానికి పెట్టింది కాదని అతనికి ఎలా చెప్పను?

బీదర్ గంజ్ బజారులో మాది ఉప్పు దుకాణం. పై గదిలో ఒక మాస్టారు అద్దెకుండేవారు. క్రైస్తవుడు, బడిలో చరిత్ర చెప్పేవారు. దుకాణం కట్టేసే వేళకు దిగివచ్చి ఉప్పు బస్తా మీద కూర్చుని, గ్రీకుల కథొకటి, యూదుల గ్రంథంలోంచి కథొకటి జోడీ కట్టి చెప్పేవారు. లోకమంతా మునిగితే పడవెక్కి బతికినవాడు ఇక్కడా ఉన్నాడు, అక్కడా ఉన్నాడు. గండం గట్టెక్కితే ఇంటి దగ్గర మొదట ఎదురొచ్చినదాన్ని దేవుడికిస్తానని మొక్కుకుని, కన్నబిడ్డే ఎదురొస్తే కూలబడ్డ తండ్రీ అంతే. ఎవరి దగ్గర ఎవరు ఎత్తుకున్నారని అడిగితే, "ఒక్క సముద్రానికి ఇటొడ్డు, అటొడ్డు సేటూ. సరుకు పోయిన పడవల కథ పోదా? లేకుంటే మనుషుల భయాలే ఒక్కతీరు ఉంటయో!" అని నవ్వేవారు.

మా ఇంటావిడ బియ్యం ఏరుతూ వినేది. ఒకనాడు వెనక్కి చూసినవాళ్ళ జోడీ వచ్చింది. యూదుల కథలో, తగలబడే ఊరు విడిచి పోతూ, వద్దన్నా వెనక్కి చూసి ఉప్పు స్తంభమైపోయిన ఇల్లాలు. గ్రీకుల కథలో, అక్కడి యముణ్ణి పాటతో కరిగించి, చనిపోయిన పెళ్ళాన్ని వెంట తెచ్చుకుంటూ, వెలుతురులోకి వచ్చేదాకా తిరగొద్దన్నా ఆగలేక చూసి, మళ్ళీ పోగొట్టుకున్న మొగుడు.

"ఇల్లు కాలుతుంటే ఆడది సూడదా అన్నా? పొయ్యి మీద ఏం పెట్టొచ్చిందో పాపం!" అంది ఆమె. "ఉప్పయితే అయింది, మన దుకాణంల పెట్టుకుందం. ఇగ ఆ పాటగాడు, ఎనక అడుగుల సప్పుడు ఇనవడకపోతే పాణం ఆగుతదా? ఓ అద్దమన్న లేకపాయె ఆయన చేతిల!" మాస్టారు నవ్వి నవ్వి బస్తా మీదినుంచి జారారు.

ఆ వానాకాలమే ఆమెకు విషజ్వరం పట్టుకుంది. ఆస్పత్రిలో ఒకసారి డాక్టరు నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి, దగ్గరివాళ్ళను పిలిపించుకోమన్నాడు. అయినా బతికింది. ఇంటికి తేవడానికి స్కూటర్ తీస్తుంటే మాస్టారు మెట్ల మీదినుంచి, "సేటూ, ఇల్లు చేరెదాక ఎనకకు సూడకు!" అన్నారు. వేళాకోళమే. కానీ ఆ రోజుల్లో నాకు వేళాకోళమన్నా భయమే.

ఆ ప్రయాణం గురించి చాలామందికి చెప్పాను. ఆస్పత్రి గేటు నుంచి ఊరి నడుమ చౌబారా బురుజు దాటి గంజ్ దాకా మెడ తిప్పలేదని, గ్రీకువాడు ఓడిన చోట బీదర్ ఉప్పు వ్యాపారి గెలిచాడని. బసవకళ్యాణ్‌లో ఒక పెళ్ళిలో చెప్పినప్పుడైతే దారిలో గాలివాన, అడ్డంపడ్డ ఎద్దుల మంద కూడా కలిపాను.

ఉత్తదే. వాన లేదు, మంద లేదు. గేటు దాటకముందే చూశాను. పలకరిస్తే జవాబు రాలేదని చూశాను. వస్తే, ఎంత నీరసంగా వచ్చిందోనని చూశాను. చౌబారా దగ్గర పూర్తిగా తిరిగి చూస్తుండగా స్కూటర్ పోయి జామకాయల బండికి తగిలింది. ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచింది. "దవాఖానల దక్కిన పాణం రోడ్డు మీద తీస్తవా? ముందటికి సూడు! నేన్ యాడికి పోతలేను."

ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో! చేతికి అంత బలం వచ్చిందన్నమాట.

మర్నాడు మాస్టారు ఈ అద్దం కొని తెచ్చి, తనే బిగించారు. "అద్దంల సూస్తే శాపం తాకదు. చెల్లె చెప్పింది గదా!" అంటూ, రోడ్డు కాక వెనక సీటు కనిపించేలా వంచి పెట్టారు. తర్వాత బదిలీ మీద వెళ్ళిపోయారు, ఇప్పుడు లేరు. పండక్కి ఉప్పు పంపడం తప్ప ఆయనకు కృతజ్ఞత చెప్పుకున్న గుర్తు లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

పొద్దున మెకానిక్ ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. ఇంతలో మా ఇంటావిడ కూరగాయల సంచీతో వచ్చి వెనక ఎక్కింది. అద్దంలో మచ్చల మధ్య తెల్లగా తల కనిపించింది. ఇన్నేళ్ళూ వెనక్కి చూస్తూనే వచ్చాను. కాలం ఉప్పుగా మార్చగలిగింది ఆమె జుట్టును మాత్రమే.