కావాలని చెప్పిన సాక్ష్యం

మా బావ పానాతో అక్క చేయి విరగ్గొట్టిన రోజు బోనాల ఆదివారం. ఛత్రినాకలో ఆ మధ్యాహ్నం చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. గల్లీ మొదట్లో డప్పులు, చివర్లో డీజే, మధ్యలో పోతరాజు కొరడా. లోపల అక్క వేసిన కేకలు ఎదురింటికి చేరలేదు. పక్క గదిలో ఉన్న ఆమె కూతురికి మాత్రమే వినబడ్డాయి. మా మేనకోడలు చెప్పులు కూడా లేకుండా ఊరేగింపును చీల్చుకుంటూ గల్లీ చివర ఉన్న మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

నేను వెళ్లేసరికి అక్క వంటగట్టు కింద గోడకు ఆనుకుని ఉంది. కుడి మణికట్టు వంగకూడని వైపుకు వంగింది. పై పెదవి చీలింది. ఊడిన పన్ను నేల మీద అన్నం మెతుకుల్లో పడి ఉంది. బావ పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. నయాపూల్ అవతల బండ్లు రిపేరు చేసే షాపు అతనిది. నట్లు విప్పే పెద్ద పానా కంచం పక్కనే ఉంది, గ్లాసు పెట్టుకున్నంత మామూలుగా.

"ఏం బామ్మర్దీ, రేపటి పేపర్ల ఏస్తవా నన్ను?" అన్నాడు నమలడం ఆపకుండా. "ఏస్తే మంచిగెయ్. మారిండట అని ఎయ్."

ఆ "మారిండు" అన్న మాటే మొత్తానికి కారణం.

మాది క్రైస్తవ కుటుంబం. ఛత్రినాకలోనే పుట్టి, రేకుల కప్పున్న చిన్న చర్చిలో పెరిగాం. అక్కడ పాటలకూ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాలు చెప్పించడం ఆనవాయితీ. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి దేవునికి కృతజ్ఞత చెబుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. కొన్నేళ్ల కిందట కొత్త పాస్టరు అయ్యగారు వచ్చాక ఇది ఒక మలుపు తిరిగింది. జరగాల్సినదాన్ని జరిగిపోయినట్టే చెప్పాలన్నాడాయన. "అయితది అంటే అనుమానం. అయింది అంటే విశ్వాసం." అప్పటినుంచి మా చర్చిలో భవిష్యత్తు మాయమైంది. బదిలీ రాని కండక్టరు బదిలీ వచ్చిందని చెప్పాడు. ఒక తల్లి తన కొడుకు గంజాయి మానేశాడని కన్నీళ్లతో స్తుతించింది. ఆ కొడుకు అప్పుడు చర్చి మెట్ల మీదే మత్తులో పడి ఉన్నాడు. బయటికి వచ్చేటప్పుడు అందరం అతన్ని దాటుకునే వచ్చాం.

నా ఉద్యోగం దీనికి సరిగ్గా తలకిందులు. పత్రికలో క్రైం వార్తలు రాసేవాణ్ణి. నరికాడు అని రాస్తే డెస్కులో కొట్టేసి, నరికినట్టు పోలీసులు తెలిపారు అని దిద్దేవారు. కళ్లారా చూసిన శవానికి కూడా మేము ఒక 'నట్టు' తగిలించేవాళ్లం. చర్చిలో చూడనిదానికి ఆ 'నట్టు' తీసేసేవారు.

బోనాలకు ముందు ఆదివారం అక్క లేచి నిలబడింది. పెళ్లయినప్పటినుంచీ దెబ్బలు తింటున్న మనిషి. చెంపలు, వీపు, ఒకసారి వేడి పెనం. చేతికందినదేదీ బావ వదల్లేదు. "దేవుడు నా భర్తను మార్చిండు. ఇప్పుడు నా మీద చెయ్యెత్తుతలేడు" అని చెప్పింది. జాకెట్టు చేతుల కింద అప్పటికి ఇంకా మానని కమిలిన మచ్చలున్నాయి. సంఘం ఆమెన్ అంది. మా పక్క వరుస ముసలమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ సంగతి నడిచి నడిచి బావ షాపు దాకా వెళ్లింది. "ఏం ఉస్తాద్, పెండ్లాం మార్చిందట గదా నిన్ను! చార్మినార్ కాడ గాజులు తెస్తం, ఏ సైజు?" అని షాపులో తోటివాళ్లు వారమంతా అతనితో ఆడుకున్నారట. ఆయన ఆదివారం దాకా ఓర్చుకున్నాడు. చర్చి నుంచి వచ్చిన అక్క అన్నం వడ్డిస్తుంటే లేచి తలుపేశాడు. ఆ తర్వాతిది మా మేనకోడలు చెప్పింది. ఒక్కో దెబ్బకూ ఆగి అడిగాడట.

"మారిన్నా?"

దెబ్బ.

"చెప్పే, మారిన్నా?"

డాక్టరు చేతిలో రాడ్డు వేశాడు. చార్మినార్ దగ్గర చీరల దుకాణానికి అంచులు కుట్టే పని అక్కది. ఆ వేళ్లు మళ్లీ సూది పట్టలేదు.

ఈసారి అక్క కేసు పెట్టింది. ఇల్లు మా నాన్న ఆమెకిచ్చిన రెండు గదులు. కేసు నిలబడితే బావ జైలుకు పోతాడు. కొట్టేస్తే ఆ రెండు గదుల్లోకే తిరిగొస్తాడు, ఆ పానాతోనే. బెయిలు మీద తిరుగుతూ అతనే ఆ మాట గల్లీ అంతా చెప్పాడు. "కేసు పోనియ్. ఈసారి చెయ్యితోని ఆగ."

చర్చిలో చెప్పిన సాక్ష్యాన్ని బావ లాయరు పట్టుకుంటాడని అందరికీ తెలుసు. మా తరఫు లాయరు తేలిగ్గా తీసేశాడు. "అసలు అట్ల చెప్పనే లేదను."

అక్క తల అడ్డంగా ఊపింది. "చర్చిల నిలబడి చెప్పిన సార్. చెప్పలేదని ఎట్లంట?"

అయ్యగారు ఇంటికొచ్చి, ప్రార్థన చేసి, వెళ్లేముందు గుమ్మంలో ఆగాడు. "అబద్ధం అనే మాట మాత్రం నోట్లకెళ్లి రానియ్యకమ్మా. సంఘమంతా ఆమెన్ అన్నది. దేవుని పేరు పోతది."

ఆయన వెళ్లాక అక్క నన్నడిగింది. "తమ్మీ, నువ్వు పేపరోనివి గదా. నిజం గాదు, అబద్ధమనొద్దంటున్నరు. మరి గది ఏ మాటైతది?"



నయాపూల్ దగ్గరి కోర్టులో ఆ రోజు ఉక్కపోత. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి దువ్వుకుని నిలబడ్డాడు. అయ్యగారు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. బావ లాయరు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"మీరు దేవుణ్ణి నమ్ముతారా అమ్మా?"

"నమ్ముత సార్."

"మీ భర్త మారాడని, చెయ్యెత్తడం లేదని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పారా?"

"చెప్పిన."

"నిజమా, అబద్ధమా? ఒక్క మాట."

అక్క వెనక బెంచీ వైపు చూసింది. అయ్యగారి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన కావచ్చు. బావ నవ్వుతున్నాడు. ఆమె రాడ్డు వేసిన చేతిని మరో చేత్తో పట్టుకుంది.

"అబద్ధం సార్."

"దేవుని సన్నిధిలో అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషి ఇక్కడ నిజం చెబుతుందని నమ్మాలా?"

"ఆడ కావాలని చెప్పిన సార్. ఈడ అయింది చెప్తున్న."

లాయరు మొహం వెలిగిపోయింది. "రాసుకోండి! కావాలనే అబద్ధం చెప్పానని ఒప్పుకుంటున్నారు."

వెనక ఎవరో నవ్వారు. అక్కకు మొదట ఎందుకో అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట వెనక్కి తీసుకోలేదు. "అవు సార్. కావాలనే. గట్ల కావాలనే చెప్పిన." గొంతు పెరిగింది. "ఆయన మారాలె, నా బిడ్డ భయం లేకుంట పండాలె. గది కావాలనే. కాలే. పన్ను రాలింది, చెయ్యిరిగింది. గది అయింది."

టైపు చప్పుడు ఆగింది. జడ్జి అద్దాలు తీసి అడిగాడు. "ఆయన మారాలని కోరుకుని అన్నారు. అంతేనా?"

అక్క తలూపింది. ఆయన మళ్లీ చెప్పించుకుని, ఆ మాటే రాయించాడు. తర్వాత మా మేనకోడలు వచ్చి, ఒక్కో దెబ్బకూ నాన్న ఏమడిగాడో చెప్పింది. అది చెబుతున్నప్పుడు బావ నవ్వు ఆగిపోయింది.

శిక్ష పడింది. వరండాలో పోలీసుల మధ్య నడుస్తూ బావ మెడ తిప్పి అక్క కాళ్ల ముందు ఉమ్మాడు. "వస్త గదనే. యాడికి పోత? వస్త."

తర్వాత చర్చిలో అక్క పక్కన కొన్ని వారాలు ఎవరూ కూర్చోలేదు. అయ్యగారు సాక్ష్యాలడిగేటప్పుడు ఆమె వరుస వైపు చూడడం మానేశాడు. ఆమె మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ఉండబట్టలేక నేనే అన్నాను. "ఇంకా ఎందుకే అక్కా? నువ్వడిగింది ఒక్కటన్న అయిందా?"

"కాలే" అంది. ఎడమ చేత్తో చీరలు మడతపెడుతోంది, దుకాణంలో ఇప్పుడు ఆమెకు మిగిలిన పని అదే. "అబద్ధం చెప్పింది నేను తమ్మీ. దేవుడు గాదు గదా. ఆయన మీద నాకెందుకు కోపం?"

ఇంకో చీర అందుకుని, "కోపం ఉంటది తియ్. ఉన్నా చర్చికి పోత" అంది.

మొన్న బావ విడుదలయ్యాడు. ఆదివారం భోజనాలవేళ నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. ముందు గల్లీలో బూతులు వినబడ్డాయి. తర్వాత తలుపు మీద కాలు పడింది. రెండో తన్నుకు గోడ సున్నం రాలింది. ఇటుకో రాయో కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చి అన్నం గిన్నెలో పడింది. మేనకోడలు ఫోనులో పోలీసులకు అడ్రసు చెబుతోంది. నేను తలుపుకు భుజం ఆనించాను. తన్ను పడ్డప్పుడల్లా నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"తియ్యే! మారిన్నే! దేవుని తోడు, మారిన! తలుపు తియ్యే లంజా!"

మళ్లీ తన్ను. చెక్క చీలిన చప్పుడు.

అక్క వచ్చి నా పక్కన తలుపుకు వీపు ఆనించి నిలబడింది. తల మీద కొంగు కప్పుకుంది. వంకర తిరిగిన కుడి చేయి గుండెల మీద, ఎడమ చేయి గొళ్లెం మీద. ఒక్కో తన్నుకూ ఒళ్లంతా అదురుతోంది. కళ్లు మూసుకుని, బయటికి కూడా వినబడేలా ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఇంకా మారలే. మార్చు."

తలుపు మళ్లీ అదిరింది.

"ఇంకా మారలే. మార్చు తండ్రీ."

గొళ్లెం మీది చేయి తీయలేదు.