బండతాతకు నీళ్లు

వికారాబాద్‌లో మా పక్కింటివాళ్లు వరండాకు తాండూరు బండలు పరిపిస్తున్నారు. మిషను నీళ్లు చిమ్ముకుంటూ రాయిని కోస్తుంటే లేచే ఆ తడి ధూళి వాసన, వాన పడ్డ మట్టి వాసనకు దూరపు చుట్టంలా ఉంటుంది. అది కిటికీలోంచి రాగానే మా ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం తలుపు బార్లా తీసి నిలబడతాను. తాండూరులో పెరిగినవాళ్లకు అది అత్తరు.

మా పెద్దనాయన అక్కడ బడిపంతులు. పొద్దంతా పిల్లలకు లెక్కలు చెప్పి, మిగతా జీవితమంతా చనిపోయినవాళ్లతో గడిపేవాడు. దేవుళ్ల జోలికి పోలేదు. వాళ్లకు రాసిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారనేవాడు. ఆయన రాసేది మనుషుల చరిత్రలు. కన్నడ దిక్కు నుంచి నడుచుకుంటూ వచ్చి, బంట్వారం చెలకల్లోనో దోమ అనే ఊరి దగ్గరి గుట్టల కిందనో ఆగిపోయి, అక్కడే సమాధులై, ఆ తర్వాత మెల్లగా గుడులైపోయిన బైరాగులూ అవధూతలూ. బడికి సెలవొస్తే చాలు, సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. కొన్నిసార్లు నన్నూ తీసుకుపోయేవాడు, పెద్దమ్మకు ఒక పీడ తగ్గుతుందని.

చలికాలం మొదలైతే మా ఇంట్లో కందికాయల కాలం వచ్చినట్టే. పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టిన గిన్నె చుట్టూ మేమంతా మూగి, ఒలిచిన తొక్కలు ఒకరి ఒళ్లో ఒకరు పోసుకుంటూ ఉంటే, లోపల పెద్దమ్మ జొన్నరొట్టె కొట్టే చప్పుడు, పొయ్యిలో కందికట్టె చిటపటలు, బియ్యం డబ్బాలో మాగేసిన అనంతగిరి సీతాఫలాల వాసన, వీటన్నిటి మధ్యా పెద్దనాయన గొంతు, ఫలానా తాత ఎలా పోయాడో చెబుతూ. మా ఇంట్లో భోజనాల వేళ మాట్లాడుకునే విషయం అది. అందువల్లనే కాబోలు, వీధి పిల్లలు చిర్రగోనె ఆడుతుంటే మేం సమాధి ఆట ఆడేవాళ్లం. కందిపొట్టు కుప్పలో మా చిన్నోణ్ణి మెడదాకా పూడ్చి, చుట్టూ కూర్చుని భజన చేసేవాళ్లం. వాడు ఎక్కువసేపు ఏడవకుండా ఉండగలడు కాబట్టి ప్రతిసారీ అవధూత వాడే.

పెద్దనాయన పనికి ఒక పద్ధతి ఉండేది. జనం చెప్పేదానికన్నా జనం చేసేదాన్ని ముందు చూసేవాడు. రాసిన ప్రతి మాటకూ చెప్పినవాళ్ల పేరు పెట్టేవాడు. అచ్చుకు ఇచ్చేముందు అదే ఊరికి వెళ్లి, అందరినీ కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించేవాడు. ఎవరైనా తప్పంటే అక్కడే దిద్దేవాడు. ఇంత నిజాయితీ వల్ల ఎవరికైనా హాని జరుగుతుందని ఆయనకు తోచలేదు.

బంట్వారం దిక్కు ఒక ఊళ్లో బండతాత సమాధి ఉంది. తాత బతికుండగానే, తన ఇష్టంతో, గుంతలో పద్మాసనం వేసుకుని కూర్చుని, నవ్వుతూ పైన బండ కప్పమన్నాడని ఊరి మాట. ఏటా జాతర మొదలయ్యేముందు, పూజారి కూడా రాకముందే, గొర్లు కాసే ఇంటి ముసలామె ఎల్లవ్వ ఒక కుండెడు నీళ్లు తెచ్చి సమాధి బండల సందులో పోసేది. పూలు లేవు, పసుపు లేదు, దండం కూడా లేదు. అందరూ దాన్ని అభిషేకం అనేవాళ్లు. అభిషేకమైతే బండ మీద పోయాలిగా, సందులో ఎందుకని పెద్దనాయన నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికే వెళ్లి అడిగాడు. ఆమె చేతిలోని ఆకంతా గొర్రెపిల్లకు తినిపించింది.

"దూపకు, సారూ," అంది చివరికి. "గత్తరొచ్చిన యేడు. తాతకు గూడ అంటుకున్నది. ఊరంత అంటుకుంటదని భయపడి, ఇంక పానముండంగనే కూసోవెట్టి బండ కప్పిండ్రట. నీళ్లు నీళ్లని ఒర్లిండట లోపట్నించి. మా అత్తకు అత్త కుండ పట్కొని ఉరికింది. పోనియ్యలే."

కలరాను మా దిక్కు గత్తర అంటారు, దాహాన్ని దూప. పెద్దనాయన కలం మూసి, మళ్లీ తెరిచాడు.

"గీ ముచ్చట రాయాల్నా, అవ్వా?"

"రాసుకో నాయినా. నా నీళ్లు మాత్రం ఆగొద్దు." తర్వాత నా వైపు చూసి, "బిడ్డ పరేషానైంది, జర మజ్జిగ తాపుతా," అంటూ లేచింది. ఆ మజ్జిగ నేను తాగలేకపోయాను.

ఆ ఎండాకాలం పెద్దనాయన సమాధి ముందు పందిరి కింద కూర్చుని రాసిందంతా చదివాడు. తాత రాక, మహిమలు, వైద్యాలు వింటూ జనం తలలూపారు. చావు దగ్గరికి వచ్చేసరికి విసనకర్రలు ఆగిపోయాయి. జాతర కమిటీ పెద్ద పటేలు లేచాడు.

"అంటే, తాతను మా తాతలే సంపిండ్రంటవా, సారూ?"

"నేననలేదు పటేలా. ఎల్లవ్వ చెప్పింది."

చరిత్ర రాసేవాళ్లు ఆధారం చూపించాలి. ఆయన చూపించాడు. ఆధారం ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊరంతా అటు తిరిగింది. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది, అంతే.

మరుసటి జాతరకు సమాధి చుట్టూ ఇనుప కటకటాలు వచ్చాయి. ఎల్లవ్వ కుండతో వస్తే గేటు దగ్గరే ఆపేశారు. కబురు తెలిసి పెద్దనాయన, వెంట నేను, ఎడ్లబండ్ల మధ్య, బెండుబత్తాసుల దుకాణాల మధ్య తోసుకుంటూ పటేలు దగ్గరికి చేరాం. మా పెద్దనాయన ఎవరి ముందైనా చేతులు కట్టుకుని నిలబడటం నేను చూసింది అదే మొదలు.

"నేను రాసింది అబద్ధం, పటేలా. చింపేస్త. ఆమెను పోనియ్యి."

"మరి నిజం అచ్చేసి తీస్కరా. చూద్దాం."

ఆయన రాశాడు. పద్మాసనం, చిరునవ్వు, ఆకాశం నుంచి పూలు, అన్నీ రాశాడు. పూలు పటేలు కూడా అడగలేదు. అబద్ధాలు రాసే అలవాటు లేనివాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. పుస్తకం అచ్చయింది. తీసుకెళ్లి ఇస్తే పటేలు అట్ట మీది బొమ్మను కళ్లకద్దుకుని, పేజీలు తిప్పి, సంతోషంగా తలెత్తాడు.

"మస్తు రాసినవ్, సారూ. గింత నవ్వుకుంట పోయినోనికి ఇంక దూపెట్లయితది?"

గేటు తెరవలేదు.

పెద్దనాయన ఆ తర్వాత ఏమీ రాయలేదు. సెలవుల్లో ఇంట్లోనే ఉండేవాడు, మా లెక్కలు దిద్దేవాడు, భోజనాల దగ్గర కూర బాగుందనేవాడు. పెద్దమ్మ, ఇన్నాళ్లకు మనిషి ఇంటిపట్టున ఉంటున్నాడని మొదట సంతోషించి, తర్వాత భయపడింది. ఎల్లవ్వ బతికినన్నాళ్లూ కటకటాల బయట నేల మీదే కుండ వంచేదట. అక్కణ్నించి లోపలికి వాలు లేదు. ఆమె పోయాక కోడలు గొర్లమ్మి పట్నం పోయింది. ఆ ఇంటి జాగాలో ఇప్పుడు జాతరకొచ్చే కార్లు నిలుపుతారు.

పోయిన జాతరకు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఎడ్లబండ్లు లేవు, బెండుబత్తాసులు లేవు, గత్తర అంటే ఏమిటో తెలిసినవాళ్లు లేరు. సమాధికి నున్నటి పాలరాయి పరిచారు, సందులన్నీ పూడ్చేశారు. మా పెద్దనాయన పుస్తకం మాత్రం ఎన్నోసారి అచ్చో తెలియదు, ప్రసాదం పక్కనే పెట్టి అమ్ముతున్నారు. ఆయన పేరు ముందు భక్తశిఖామణి అని చేర్చారు.

లోపలికి పోబోతుంటే కాపలా అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీళ్ల బాటిల్ లోపటికి తేవొద్దు, మేడం. పాలరాయి ఖరాబైతది. ఆడ పెట్టుండ్రి."

ఆడ, గోడ పొడుగునా, జనం వదిలిపోయిన సీసాలు ఎండలో వరసగా నిలబడి ఉన్నాయి. కొన్నిటికి ఇంకా మూత కూడా తీయలేదు.