బలం బిళ్ళలు

మా అన్న గోడల మీద అక్షరాలు రాసేవాడు. నాలుగంతస్తుల ఎత్తున, నడుముకి తాడు కట్టుకుని. రంగు దారం కొట్టి గుర్తు పెట్టుకోకుండానే తిన్నని గీత గీస్తాడని పనివాళ్ళు ‘స్కేలు’ అనేవారు. ఫ్లెక్సీలు వచ్చాక కూడా మేస్త్రీ అతణ్ణి వదల్లేదు.

అన్నకి ఫిట్స్ ఉన్నాయని తెలిసింది వదినకీ, నాకూ, ఒక డాక్టరుకీ. పూటకొక మాత్రతో పదకొండేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. అయినా ఫిట్స్ ఉన్నవాణ్ణి ఏ మేస్త్రీ అంత ఎత్తు ఎక్కనిస్తాడు? కింద వేరే పని చూసుకోమంటే అన్న వినేవాడు కాదు. చిన్నప్పుడు బడిలో పడిపోయి, కళ్ళు తెరిచేసరికి చుట్టూ మూగిన మొహాలు చూశాడు. పైన అలా ఎవరూ మూగరు అనేవాడు.

అందుకని ప్రతినెలా వదిన ఆ మాత్రలు అట్టల్లోంచి తీసి ఖాళీ విటమిన్ సీసాలో పోసేది. పనిలో అందరికీ అవి బలం బిళ్ళలు.

“ఒరేయ్ స్కేలూ, ఇన్ని బలం బిళ్ళలు మింగినా ఇంత బక్కగా ఉన్నావేంట్రా?” అనేవాడు మేస్త్రీ.

“బక్కగా ఉంటేనే స్కేలు. లావైతే దూలం అంటావు.”

మూడేళ్ళ కిందట వానల్లో న్యుమోనియా పట్టింది. మేస్త్రీయే తన బండిలో ఆసుపత్రికి తెచ్చాడు. సాయంత్రానికి గొంతులో గొట్టం వేసి ఐసీయూలో పడుకోబెట్టారు. అక్కడి మందులన్నీ సరిచూసే ఫార్మసిస్టు కళ్ళజోడు తలమీదికి తోసుకుంటూ మా బెంచీ దగ్గరికి వచ్చింది.

“ఇంటి దగ్గర ఏం మందులు వాడతారమ్మా? ఏ మందుకి ఏది పడదో చూసుకోవాలి.”

మేస్త్రీ పక్కనే నిలబడి ఉన్నాడు. వదిన నావైపు చూసింది.

“బలం బిళ్ళలేనండీ” అన్నాను నేను.

తర్వాత వదిన నర్సుని బతిమాలింది. “ఆయనకి అవంటే నమ్మకం సిస్టర్. పూట తప్పించకండి.” విటమినే కదా అని ఆమె జాలిపడి, నూరి, ముక్కు గొట్టంలోంచి పోసేది. కాగితం మీద రాయలేదు. మందు లోపలికి వెళ్తోందిగా అని మా ధైర్యం.

మూడో రోజుకీ జ్వరం దిగకపోతే యాంటీబయోటిక్ మార్చి ఇంకా పెద్దది ఎక్కించారు. ఐదో రోజు పొద్దున అన్న ఒళ్ళు కొయ్యబారింది. మంచం కమ్మీలు గడగడలాడాయి. ఆగింది, మళ్ళీ మొదలైంది. జబ్బు మెదడుకి పాకిందేమోనని స్కాన్ తీశారు. ఏమీ కనబడలేదు.

ఫార్మసిస్టు కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది.

“ఇందులో ఎనిమిది మందులున్నాయి. వీటితో ఇలా జరగకూడదు. తొమ్మిదోది ఏమైనా ఉందా? దాచకండమ్మా, నేను పోలీసుని కాను.”

మేస్త్రీ ఆ పూట కూడా వచ్చి ఉన్నాడు. వదిన అతణ్ణే చూస్తూ చెప్పింది.

“ఆ బిళ్ళలు బలానికి కాదండీ. ఫిట్స్‌కి.”

ఫార్మసిస్టు బెంచీ మీద కూలబడింది. “ఈ కొత్త యాంటీబయోటిక్ ఆ మందుని రక్తంలో నిలవనివ్వదమ్మా. మీరెన్ని పూటలు పోయించినా రెండు రోజుల్లో ఖాళీ” అంది. ఆ వెంటనే లేచి దాదాపు పరిగెత్తింది.

గంటలో రెండు మందులూ మార్చారు. ఫిట్స్ మర్నాటికి ఆగాయి. అన్న మాత్రం కళ్ళు తెరవలేదు. తొమ్మిదో రోజు పోయాడు. ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయని, దేనివల్ల పోయాడో విడదీసి చెప్పలేనని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ఊరటో శిక్షో ఇప్పటికీ తేలలేదు.

వదినా నేనూ బయటికి వచ్చేసరికి మేస్త్రీ మెట్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు.

“నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా చెల్లెమ్మా?”

“చెప్తే ఎక్కనిచ్చేవాడివా అన్నయ్యా?”

అతను తలెత్తి వదినని చూశాడు.

“లేదు” అన్నాడు. “నీ దగ్గర అబద్ధమెందుకు? మర్నాడే మాన్పించేవాణ్ణి.”

వదిన తలూపింది. అన్నని అప్పగించే కాగితాల మీద సంతకానికి రమ్మని లోపల్నించి పిలిస్తే, కొంగు సర్దుకుని వెళ్ళింది.