ముందే తెలిసిన పగుళ్లు

"నీళ్లూ సున్నా డిగ్రీల దగ్గరే, ఐసూ సున్నా డిగ్రీల దగ్గరే. మరి మధ్యలో అన్ని గంటలు మీ మిషన్లు ఏం చేస్తున్నట్టు, అన్నయ్యగారూ?"

అడిగింది తోడల్లుడు. మామగారింట్లో, భోజనాల బల్ల దగ్గర, ఇంటిల్లిపాదీ వింటూండగా అడిగాడు. అడిగించుకున్నవాడు ఆ ఇంటి పెద్దల్లుడు, ఇరవై రెండేళ్లుగా మామగారి ఐసు ఫ్యాక్టరీని తన చేతుల మీద నడుపుతున్నవాడు. రేవులోనూ బజారులోనూ ఆయన్ని ఐసాయన అంటారు. అసలు పేరు ఫ్యాక్టరీ బోర్డు మీద లేదు, కరెంటు బిల్లు మీద లేదు. అవి రెండూ మామగారి పేరున ఉన్నాయి.

"గడ్డకట్టాలంటే టైము పడుతుంది" అన్నాడు ఐసాయన.

"అదే, ఎందుకు పడుతుందని?"

"పడుతుంది కాబట్టి పడుతుంది."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయన కూతురే. చిన్నల్లుడు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. ఆ పిల్లకి పాఠాలు కూడా ఆ బాబాయే చెబుతాడు.

అప్పుడు లెక్చరరు చెంచా పక్కన పెట్టి వివరించాడు. నీళ్లలో కణాలు సంతలో జనంలాంటివట. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వదిలేస్తాయి, ఇంకోదాన్ని పట్టుకుంటాయి. ఐసు కావాలంటే ప్రతి కణమూ చుట్టూ ఉన్న నలుగురిని పట్టుకుని, ఉన్నచోటే నిలబడిపోవాలి. అలా పట్టు బిగిసినప్పుడల్లా కాస్త వేడి బయటికొస్తుంది. "మీ మిషన్లు రోజంతా తోడి పోసేది ఆ వేడినే. థర్మామీటరుకి ఆ సంగతి తెలీదు, అది సున్నా దగ్గరే కూచుంటుంది. అందుకే దాన్ని గుప్తోష్ణం అన్నారు. ముప్ఫై డిగ్రీల నీళ్లని సున్నాకి దింపడానికి ఎంత వేడి తీస్తామో, ఆ తర్వాత గడ్డకట్టించడానికి అంతకి రెండున్నర రెట్లు పైగా తియ్యాలి."

"చూశావుటోయ్!" అన్నాడు మామగారు పెద్దల్లుడితో. "ఇన్నాళ్లూ మనం చేస్తున్నది ఇదిట."

ఐసాయనకి కష్టం కలిగించింది నవ్వు కాదు, ఆ మాట బాగుండటం. ఇరవై రెండేళ్లుగా తన చేతుల కింద జరుగుతున్న పనికి అంత మంచి మాట ఎవడో వచ్చి చెప్పాడు, అదీ నూనె మరక అంటని చొక్కాతో.

అసూయ మనిషిని తినేస్తుందని పెద్దలంటారు. అలా అనేవాళ్లకి సాధారణంగా తోడల్లుళ్లు ఉండరు. ఐసాయనని అసూయ తినలేదు సరికదా, చెవులకీ కళ్లకీ పదును పెట్టింది. మామగారు తనని "ఏమోయ్" అనడం, రెండో అల్లుణ్ని "లెక్చరరుగారూ" అనడం ఆయన పెళ్లినాటి నుంచీ వింటున్నదే. ఇప్పుడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క ఆదివారం మధ్యాహ్నం పద్నాలుగు "గారూ"లు తేలాయి. తనకి వచ్చింది ఒకటే, అదీ "ఐసువారూ" అని వేళాకోళంగా.

అసలు పోటీ గారూల కోసం కాదు. మామగారికి డెబ్భై దాటాయి. ఈ చేపల వేట సీజను గడిచాక ఫ్యాక్టరీలో పావు వాటా ఒక అల్లుడికి రాసిస్తానన్నాడు. ఎవరికో చెప్పలేదు. "వ్యాపారాన్ని ముందుకు తీసుకెళ్లేవాడికి" అన్నాడంతే. ఐసాయనకి ఉన్నది జీతం మాత్రమే.

ఆ వారం ఆయన ఒక పని చేశాడు. కూతురి కెమిస్ట్రీ పుస్తకం సంచీలో పెట్టుకుని ఫ్యాక్టరీకి పట్టుకుపోయి, కంప్రెసరు గదిలో స్టూలు మీద కూచుని చదివాడు. అందులో ఒక గీత బొమ్మ ఉంది. ఐసుని వేడి చేస్తూ పోతే గీత పైకి లేస్తుంది. సున్నా దగ్గర చదునైపోతుంది. కింద మంట మండుతూనే ఉంటుంది, గీత మాత్రం లేవదు. ఐసంతా కరిగాకే మళ్లీ కదులుతుంది. ఇదేదో తన జీతం గీతలా ఉందే అనుకున్నాడు ఐసాయన.

చదివినకొద్దీ ఇంకా మండింది. ఇందులో తనకి తెలియనిదేముంది? ఐసు కట్టేటప్పుడు ఉబ్బుతుందని తెలుసు, అందుకే డబ్బాల్లో నాలుగు వేళ్ల వెలితి వదులుతాడు. ద్రవంగా ఉన్న అమోనియా ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుందనీ తెలుసు, లీకైన గొట్టం దగ్గర వేళ్లు కొంకర్లు పోయిన రోజున తెలిసింది. అన్నీ తెలుసు, చెప్పడం ఒక్కటే రాదు. చెప్పడం వచ్చినవాడికి బల్ల దగ్గర కుర్చీ వేస్తారు, చెయ్యడం వచ్చినవాడికి స్టూలు.

తరువాతి ఆదివారం లెక్చరరు ఒక కాగితంతో వచ్చాడు.

"మామయ్యగారూ, డబ్బాలు మునిగి ఉండే ఉప్పునీళ్ల తొట్టిని మనం సున్నాకి తొమ్మిది డిగ్రీలు కింద ఉంచుతున్నాం. దిమ్మ కట్టడానికి ఇరవై నాలుగు గంటలు. ఇంకొంచెం ఉప్పు వేసి, మూలనున్న రెండో కంప్రెసరు కూడా తిప్పి, పదహారు కిందకి దింపామనుకోండి. చల్లదనంలో తేడా పెరిగితే వేడి తొందరగా పోతుంది. పద్నాలుగు గంటల్లో దిమ్మ రెడీ!"

మామగారు కాగితాన్ని వెలుతురులోకి పెట్టి చూశాడు. చూపు ఆనకపోయినా తృప్తిగా తల ఊపాడు. "ఏమోయ్, నువ్వేమంటావు?"

లెక్కలో తప్పు లేదని ఐసాయనకి తెలుసు. లెక్కలో లేనిదేమిటో కూడా తెలుసు. చేరిన మొదటి ఏడాది తనూ ఇదే పని చేశాడు. అంత చల్లని దిమ్మని డబ్బాలోంచి జారడానికని వెంటనే మామూలు నీళ్ల తొట్టిలో ముంచితే, పైపొర ఒక్కసారి వేడెక్కి సాగుతుంది. లోపలి ఐసు ఇంకా బిగుసుకునే ఉంటుంది. పైది సాగుతానంటుంది, లోపలిది వీల్లేదంటుంది, దిమ్మ పగులుతుంది. అప్పటి పాత మేస్త్రి తిట్టి మరీ నేర్పాడు: పైకి లాగిన డబ్బాని కాసేపు గట్టు మీద ఊరికే ఉంచాలి, చెమట పట్టాక ముంచాలి. అరగంట పని. ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

"నేనేమంటానండీ" అన్నాడు ఐసాయన. "చదువుకున్నవాళ్లు చెప్పాక ఇంకేముంది?"

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయన మహా హుషారుగా ఉన్నాడు. మూడో రోజు భార్య అడిగేసింది. "ఏమండీ, ఈలలు వేస్తున్నారు. ఎవరి కొంప ముంచుతున్నారు?"

"ఈల వెయ్యడం కూడా తప్పేనా?"

"పెళ్లైన కొత్తలో వేశారు. మళ్లీ ఇప్పుడు వేస్తున్నారు. అందుకని అడిగాను."

కొత్త పద్ధతిలో మొదటి విడత నూట అరవై దిమ్మలు. పది రోజుల వేటకి వెళ్లే పడవలకి ముందే ఒప్పుకున్న సరుకు అది. పొద్దున్నే మామగారు శాలువా కప్పుకుని వచ్చాడు. సెలవురోజు కావడంతో బాబాయి లెక్క నిజమవడం చూడ్డానికి కూతురు కూడా వచ్చింది. సరుకు పట్టుకెళ్లడానికి పడవల గుమాస్తా కొక్కెం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లెక్చరరు గడియారం చూసుకున్నాడు. పద్నాలుగు గంటల పది నిమిషాలు. దిమ్మలన్నీ నిండుగా కట్టాయి.

"పది నిమిషాలు ఎక్కువైంది, క్షమించాలి" అన్నాడు నవ్వుతూ.

మొదటి వరస డబ్బాలు గొలుసు మీద లేచి నేరుగా నీళ్ల తొట్టిలో మునిగాయి. లోపల్నించి ఎండు కర్ర విరిచినట్టు చప్పుడైంది, మళ్లీ ఇంకోటి, తరువాత వరసగా. దిమ్మలు జారి బల్ల మీద పడ్డాయి. ప్రతిదాని ఒంటినిండా తెల్లటి గీతలే. గుమాస్తా ఒకదానికి కొక్కెం వేసి లాగాడు. సగం అతనితో వచ్చింది, సగం బల్ల మీదే ఉండిపోయింది.

"అయ్యా, నేనడిగింది దిమ్మలు. ఈ పెంకులు పడవలో వేస్తే మూడో రోజుకి చేపలు ఈత కొడతాయి."

అవతల గొలుసు దగ్గరున్న పనివాళ్లు వాళ్లకి చెప్పిన ప్రకారం ముంచుకుంటూ పోయారు. ఆపమని చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచిన ఒక్కడూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నూట అరవయ్యో దిమ్మ పగిలాక లెక్చరరు ముఖం చూడదగ్గట్టు ఉంది. ఐసాయన తనివితీరా చూశాడు. ఆ క్షణంలో ఇంటికెళ్లిపోయి ఉంటే కథ మరోలా ఉండేది. కానీ ఎంతసేపు చూసినా ఆయన ఆకలి తీరలేదు. అవతలివాడు ఓడాడు సరే, తను గెలిచినట్టు ఎవరికి తెలిసింది? మామగారు దిమ్మల వంకే చూస్తున్నాడు. కూతురు బాబాయి పక్కకి వెళ్లి నిలబడింది.

"నాకు ముందే తెలుసు ఇవి పగుల్తాయని!" అనేశాడు.

మామగారు నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"ముందే తెలుసా?"

"ఇరవై రెండేళ్ల నుంచీ తెలుసండీ."

"మరి ముందే ఏడవలేకపోయావా?"

ఇంతలో లెక్చరరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఎందుకు పగుల్తాయి అన్నయ్యగారూ? నాకు తట్టనేలేదు" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, అదే దారుణం. ఐసాయన మేస్త్రి చెప్పిన మాట చెప్పాడు: గట్టు మీద అరగంట, చెమట పట్టేదాకా. లెక్చరరు రాసుకున్నాడు. "అయితే అరగంట కలుపుకున్నా పద్నాలుగున్నరే కదా. లాభమేగా!" అన్నాడు.

నిజమే, లాభమే. ఆ ఒక్క వాక్యం ఆదివారమే చెప్పి ఉంటే ఫ్యాక్టరీ రెండు రోజుల్లో మూడు విడతలు తీసేది, వాటిలో సగం పేరు ఐసాయనకి వచ్చేది. ఇప్పుడు ఫ్యాక్టరీ అలాగే నడుస్తోంది. రేవులో దాన్ని "లెక్చరరుగారి పద్ధతి" అంటున్నారు.

వాటా కాగితం మామగారు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తను ఉన్నంతకాలం ఇక ఆ మాట ఎత్తొద్దన్నాడు. ఆ తర్వాత భార్య ద్వారా ఐసాయనకి ఒక సంగతి తెలిసింది. సీజనుకి ముందే లెక్చరరు మామగారి దగ్గరికెళ్లి, "నాకెందుకండీ, అన్నయ్యగారికే రాసిచ్చెయ్యండి" అని చెప్పాడట. ఇది విన్నవాడు సిగ్గుపడాలని నీతికథలు చెబుతాయి. ఐసాయన కాసేపు సిగ్గుపడ్డాడు కూడా. తరువాత, పావు వాటా వస్తుంటే వద్దనగలిగేంత నిండిన జేబు వాడికెక్కడిదని మండిపడ్డాడు.

పగిలిన సరుకు ఒడ్డున చేపలమ్మేవాళ్లకి సగం ధరకి పోయింది. మిగిలిన సగం నష్టాన్ని మామగారు అల్లుళ్లిద్దరికీ సమానంగా పంచాడు, చెప్పినవాడికి ఒక పాలు, చెప్పనివాడికి ఒక పాలు. లెక్చరరు తన పాలు మర్నాడే నగదుగా కట్టేశాడు. ఐసాయన పాలు జీతంలోంచి పన్నెండు వాయిదాల్లో కోస్తున్నారు. అందులో ఇంకా ఏడు బాకీ ఉన్నాయి.